మడత ల్యాప్‌టాప్: ఆ కీలుకు ఎంత కట్టొచ్చు?

దుకాణంలో ల్యాప్‌టాప్ తెరను వెనక్కి తిప్పి, కీబోర్డు అడుగుకు ఆనించి చూపిస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. వీటిని కన్వర్టిబుల్ అనీ, టూ ఇన్ వన్ అనీ అంటున్నారు. పైశ్రేణి రకాలకు మామూలు ల్యాప్‌టాప్ కన్నా ఎక్కువే పెట్టాలి. ఆ అదనపు డబ్బుకు ఏం వస్తుంది, ఏం పోతుంది?

2010 అక్టోబరులో యాపిల్ అధిపతి స్టీవ్ జాబ్స్, నిలువు తెరను వేలితో తాకుతూ పనిచేస్తే కాసేపటికే చెయ్యి పీకుతుందని, అందుకే ల్యాప్‌టాప్‌కు టచ్ తెర నప్పదని వాదించారు. గోడమీద రాస్తున్నట్టు చెయ్యి చాచి రెండు నిమిషాలు ఉంచితే ఆ మాట నిజమేనని తెలుస్తుంది. 2012లో విండోస్ 8తో వచ్చిన లెనోవో యోగా 13 దానికి ఒక దారి చూపింది. నిలబడ్డ తెరతో చిక్కయితే పడుకోబెడదామంది. కీలు 360 డిగ్రీలు తిరిగింది, తెర పలకయింది.

అసలు లాభం ఆ పలకలోనే ఉంది. లెక్కల మాస్టారు సమీకరణాన్ని టైపు చెయ్యడానికి పడే అవస్థ పెన్నుతో తీరిపోతుంది. విద్యార్థుల పీడీఎఫ్ జవాబుల్లో ఒత్తు తప్పిన చోట సున్నా చుట్టి, పక్కనే సరైన అక్షరం రాయొచ్చు. బొమ్మలు గీసేవారికి, నోట్సు చేత్తో రాసుకుంటేనే బుర్రకెక్కేవారికి ఇది నిజమైన సాధనం. గుడారంలా నిలబెడితే రైలు బల్లమీద ఇరుకులోనూ సినిమా చూడొచ్చు.

ఇక నష్టాలు. 2014 నాటి యోగా 3 ప్రో సంగతి చూడండి. గడియారం పట్టీలా అల్లిన దాని కీలులో 813 ముక్కలున్నాయి. మందం 12.8 మిల్లీమీటర్లు, బరువు 1.19 కిలోలు. అంత పలచన చేయడానికి, ముందు రకంలోని 15 వాట్ల ప్రాసెసర్ తీసేసి 4.5 వాట్లది పెట్టారు, బ్యాటరీనీ తగ్గించారు. తెర మాత్రం 3200 × 1800 చుక్కలతో కరెంటు బాగా తాగేది. బరువు పనుల్లో వేగం తగ్గింది, ఛార్జింగూ త్వరగా అయిపోయేది. మరుసటి ఏడాది యోగా 900లో 15 వాట్ల ప్రాసెసర్, పెద్ద బ్యాటరీ వచ్చాయి. అందుకు మందం రెండు మిల్లీమీటర్లు, బరువు దాదాపు వంద గ్రాములు పెరిగాయి. పలచదనం ఊరికే రాదు. వేగంలోనో, బ్యాటరీలోనో కోత పడుతుంది.

ప్రాసెసర్లు మెరుగైనా కొన్ని చిక్కులు మిగిలే ఉన్నాయి. ఈ తరహా ల్యాప్‌టాప్ సుమారు 1.3 కిలోలు తూగుతుంది. టాబ్లెట్ బరువు అందులో సగమైనా ఉండదు కాబట్టి, పడుకుని చదవడానికి ఇది పనికిరాదు. మడిచి పట్టుకుంటే కీబోర్డు మీటలు వేళ్లకు తగులుతుంటాయి. అవి పనిచేయకపోయినా ఇబ్బందిగానే ఉంటుంది. నిగనిగలాడే తెరలో కిటికీ వెలుతురు అద్దంలో పడ్డట్టు పడుతుంది. గాజు తెరకు అతికి ఉంటుంది గనుక, పగిలితే తరచూ మొత్తం మార్చాల్సి వస్తుంది. చాలా రకాల్లో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, తర్వాత పెంచుకోలేం.

అందుకే దుకాణంలో నాలుగు పరీక్షలు చెయ్యండి. మామూలుగా తెరిచి, తెర పైమూల వేలితో తట్టి ఎంత ఊగుతుందో చూడండి. మడిచి అయిదు నిమిషాలు చేత్తో పట్టుకోండి. అరచెయ్యి ఆనించి మీ పేరు రాసి, పిచ్చిగీతలు పడుతున్నాయేమో గమనించండి. పెన్ను ధరలో కలిసి ఉందో, విడిగా కొనాలో అడగండి.

ఆ తర్వాత గడిచిన నెల గుర్తు చేసుకోండి. తెరమీద చేత్తో రాయాలని ఎన్నిసార్లు అనిపించింది? వారానికి రెండు మూడుసార్లయినా అనిపించి ఉంటే కీలుకు పెట్టే డబ్బు వృథా కాదు. ఒక్కసారీ అనిపించకపోతే మామూలు ల్యాప్‌టాప్ తీసుకుని, ఆ సొమ్ము ర్యామ్‌కూ బ్యాటరీకీ పెట్టండి. అవి రోజూ అక్కరకొస్తాయి.