సముద్రం పాలైన అట్టముక్కలు

1952లో న్యూయార్క్‌లోని టాప్స్ కంపెనీ బబుల్‌గమ్‌తో పాటు బేస్‌బాల్ ఆటగాళ్ల బొమ్మలున్న కార్డులు అమ్మింది. ఆ ఏడాది ఆలస్యంగా వచ్చిన చివరి విడత అమ్ముడుపోలేదు. గోదాములో పేరుకుపోయిన పెట్టెలను 1960లో అట్లాంటిక్ సముద్రంలో పారబోశారు. వాటిలో బేస్‌బాల్ దిగ్గజం మికీ మాంటిల్ కార్డులూ ఉన్నాయి.

మిగిలిన మాంటిల్ కార్డుల్లో ఒకటి 2022 ఆగస్టు వేలంలో 1.26 కోట్ల డాలర్లు పలికింది!

ఇంత ధర పలకాలంటే కార్డు మూలలు అరగకూడదు, బొమ్మ నడిమధ్యన ఉండాలి. గ్రేడింగ్ సంస్థలు కార్డును పరిశీలించి పదికి మార్కులు వేస్తాయి. ఆ మాంటిల్ కార్డుకు 9.5 వచ్చింది.

మరో బేస్‌బాల్ ఆటగాడు హోనస్ వాగ్నర్ కార్డు కథే వేరు. 1909లో సిగరెట్ పెట్టెల్లో పెట్టిన తన బొమ్మను ఆయనే వద్దని ఆపించాడు. అందుకే అది అంత అరుదు. సగం చిరిగిన వాగ్నర్ కార్డు కూడా 2022లో 15 లక్షల డాలర్లు దాటింది.