మళ్లీ గుడికి వెళ్లాలనుంది... ఎలా?

శ్రీరాంపూర్ కాలనీలో ఆదివారం పొద్దున. ఆయన ప్లే డే డ్యూటీకని బాక్సు కట్టించుకుని బాయి మీదికి వెళ్లిపోయారు. పిల్లలు ఇంకా దుప్పట్లోంచి లేవలేదు. మీరు బియ్యం కడుగుతుంటే పక్క వరుస క్వార్టర్లో ఉండే ఆవిడ నెత్తిన కొంగు కప్పుకుని, పిల్లల్ని వెంటబెట్టుకుని పూజకు బయల్దేరింది. ఆమె ఆటో ఎక్కేదాకా మీరు కిటికీలోంచి చూస్తూనే ఉన్నారు. ఒకప్పుడు మీకూ ఆదివారమంటే ఇదే. తెల్ల గౌను, మొదటి దివ్యసత్ప్రసాదం, అమ్మ వేళ్ల మధ్య కదిలే జపమాల. తర్వాత కాలేజీ, పెళ్లి, పిల్లలు, క్వార్టరు. ఎక్కడ ఆగిపోయిందో మీకే సరిగ్గా గుర్తులేదు.

ఇది చదువుతూ "అరె, నా సంగతే!" అనుకున్నారా? అయితే ఈ నాలుగు మాటలు మీకోసమే.

మీ మనసులో ఏముందో చెప్పమంటారా? "ఇన్నేళ్ల తర్వాత ఏ ముఖం పెట్టుకుని పోను?" దాని వెనకే మరో నాలుగు ప్రశ్నలు. పెళ్లి చర్చిలో జరగలేదు కదా, ఫాదర్ గారు ఏమంటారో? ఆయన ఊరుకుంటారా? "ఇన్నేండ్లు లేనిది ఇప్పుడెందుకే ఇదంతా?" అని అత్తమ్మ అంటే? పిల్లల మాటేమిటి?

మొదటి దిగులు ముందు తీర్చేసుకుందాం. మీరు మళ్లీ చేరాల్సిన పని లేదు. చిన్నప్పుడు జ్ఞానస్నానం పొందారంటే, ఆ ముద్ర చెరిగేది కాదంటుంది కథోలిక శ్రీసభ. అందుకే రెండోసారి జ్ఞానస్నానం ఇవ్వరు. మధ్యలో ఎవరో పిలిస్తే ఇంటిదగ్గరి ప్రార్థన మందిరానికి వెళ్లి, అక్కడ నీళ్లలో మునిగి బాప్తిస్మం తీసుకున్నారా? దాన్ని తలుచుకుని కుంగిపోకండి. అది కూడా ఫాదర్ గారితో చెప్పుకుంటే తీరేదే. మీలాంటివాళ్లు ఆయనకు కొత్త కాదు.

మొదట చేయాల్సింది ఏమిటి? చాలామంది "ముందు పాపసంకీర్తనం చేసేయాలి" అనుకుంటారు. ఆ తొందర వద్దు. ముందు మాట్లాడండి, అంతే. అదీ ఆదివారం పూజ అవగానే, వందమంది చుట్టూ ఉన్నప్పుడు కాదు. మామూలు రోజున, పిల్లలు బడికి పోయాక, విచారణ గురువుల దగ్గరికి వెళ్లి "ఫాదర్, నేను చిన్నప్పుడు జ్ఞానస్నానం పొందాను, చాలా ఏళ్లుగా గుడికి రావడం లేదు, మళ్లీ రావాలనుంది" అనండి. ఈ ఒక్క వాక్యం చాలు. తర్వాత ఆయనే అడుగుతారు. ఒక్కరే వెళ్లాలంటే బెరుకా? మఠంలోని సిస్టర్లతో ముందు మాట్లాడండి, లేదా ఆ పక్క వరుస ఆవిడనే తోడు తీసుకెళ్లండి.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మీ పుట్టిల్లు గుంటూరు, ఖమ్మం, నల్గొండ, వరంగల్ వైపు అయితే మీరు లాటిన్ పద్ధతిలో పెరిగి ఉంటారు. మన ఆదిలాబాద్ మేత్రాసనం సీరో మలబారు పద్ధతిది. 1999లో చాందా మేత్రాసనం నుంచి విడదీసి, మంచిర్యాల కేంద్రంగా దీన్ని ఏర్పాటు చేశారు. చిన్నప్పుడు బట్టీపట్టిన ప్రార్థనల వరస ఇక్కడ కొంత వేరుగా వినబడుతుంది. తపస్సుకాలం కూడా లాటిన్ పద్ధతిలో విభూది బుధవారంతో మొదలైతే, సీరో మలబారులో దానికి రెండు రోజుల ముందే సోమవారంతో మొదలవుతుంది. "అయ్యో, ఇది మన గుడి కాదేమో" అని వెనక్కి రాకండి. రెండూ ఒకే పోపుగారి కింద ఉన్న కథోలిక శ్రీసభలే. ఎక్కడ పూజకు వెళ్లినా, ఎక్కడ సత్ప్రసాదం స్వీకరించినా చెల్లుతుంది. మీరు పుట్టిన పద్ధతి మాత్రం మారదు.

తర్వాత ఒక కాగితం కావాలి. జ్ఞానస్నానం సర్టిఫికెట్టు. అది ఇంట్లో ట్రంకు పెట్టె అడుగున దొరికితే అదృష్టమే. లేదంటే మీరు జ్ఞానస్నానం పొందిన విచారణలో రిజిస్టరు ఉంటుంది. మీ పేరు, అమ్మానాన్నల పేర్లు, పుట్టిన సంవత్సరం చెబితే వెతికి ఇస్తారు. ఇంట్లో పిలిచే పేరు వేరు, జ్ఞానస్నానపు పేరు వేరు అని మర్చిపోకండి. బళ్లో "లక్ష్మి" అయిన అమ్మాయి ఆ రిజిస్టరులో "లూర్దు మేరీ" అయి ఉండొచ్చు. రిజిస్టరు పాడైపోయిందంటే? ఆ రోజు అక్కడున్న నమ్మకమైన ఒక్కరు సాక్ష్యం చెప్పినా సరిపోతుంది. మీ జ్ఞానతల్లి బతికుంటే ఒకసారి వెళ్లి చూసిరండి. కాగితం వంకతోనైనా.

పెళ్లి సంగతి

అసలు ముడి ఇక్కడుంది. దీని గురించి కాస్త తీరిగ్గా మాట్లాడుకుందాం.

మీది గుడిలో తాళి కట్టిన పెళ్లో, రిజిస్ట్రార్ ఆఫీసు పెళ్లో అయితే, శ్రీసభ చట్టం లెక్కలో ఆ వివాహం ఇంకా పూర్తి కాలేదు. వినగానే గుండె ఝల్లుమంటుంది, నిజమే. "మరి ఇన్నేళ్ల కాపురం?" అని కళ్లనీళ్లు పెట్టుకునేవాళ్లూ ఉంటారు. కానీ మీ కాపురం దొంగ కాపురమనీ, పిల్లలు పిల్లలు కారనీ దాని అర్థం కాదు. సరిచేసుకోవాల్సింది ఒకటి మిగిలి ఉందని మాత్రమే.

ఎలా సరిచేస్తారు? మీవారు హిందువు అయితే మేత్రాణుల నుంచి అనుమతి తెప్పిస్తారు. ఆయన మతం మారనక్కర్లేదు. దీన్ని ఆయనకు ముందే, గట్టిగా చెప్పండి. సగం గొడవలు ఈ అనుమానం వల్లనే వస్తాయి. మాట ఇవ్వాల్సింది మీరు. మీ విశ్వాసం వదలననీ, పిల్లలకు జ్ఞానస్నానం ఇప్పించి అందులో పెంచడానికి చేతనైనంత చేస్తాననీ. మీరిలా మాట ఇచ్చారని ఆయనకు తెలియజేస్తారు, అంతవరకే. తర్వాత ఫాదర్ గారి ముందు, ఇద్దరు సాక్షులతో మీరిద్దరూ మళ్లీ ఒప్పుదల చెప్పుకుంటారు. పందిళ్లు, విందులు, కొత్త చీరలు ఏవీ అక్కర్లేదు. మీకు సరదా ఉంటే చీర కట్టుకోండి, ఎవరొద్దంటారు?

"ఆయన మంచివాడే, నన్ను వెళ్లనిస్తాడు, కానీ చర్చిలోకొచ్చి మళ్లీ పెళ్లి అంటే చచ్చినా రాడు" అంటారా? దానికీ దారి ఉంది. ఇది చాలామంది కథోలికులకే తెలియదు. ఇద్దరూ కాపురం నిలబెట్టుకోవాలనే మనసుతోనే ఉన్నప్పుడు, మళ్లీ ఒప్పుదల చెప్పించకుండానే, ఆ వివాహాన్ని మొదటినుంచీ చెల్లేటట్టు మేత్రాణులు సరిచేయగలరు. "అలాంటి వీలు మాకు వర్తిస్తుందా ఫాదర్?" అని మీరే అడగండి. అడగందే అమ్మైనా పెట్టదు కదా.

ఇది సరయ్యేదాకా సత్ప్రసాదం స్వీకరించకూడదు. కానీ పూజకు రావడానికీ, జపమాల చెప్పుకోవడానికీ అడ్డం లేదు. అందరూ లేచి వరసలో వెళుతుంటే మీరు బెంచీమీద కూర్చోవడం కష్టంగానే ఉంటుంది. కొన్నాళ్లు ఓర్చుకోవాలి. మీలో ఎవరికైనా, మీవారికైనా, ఇదివరకే ఒక పెళ్లయి విడిపోయి ఉంటే మాత్రం సంగతి మేత్రాసనం న్యాయస్థానానికి వెళుతుంది. అదీ మునుపటంత చాంతాడు వ్యవహారం కాదు. రెండో తీర్పు తప్పనిసరి అన్న నియమాన్ని పోప్ ఫ్రాన్సిస్ 2015లో తీసేశారు.

పనిలో పనిగా ప్రభుత్వ చట్టం కూడా తెలుసుకోండి. ఇది గుడికి వెళ్లినా వెళ్లకున్నా మీకు పనికొచ్చేదే. హిందూ వివాహ చట్టం ఇద్దరూ హిందువులైతేనే వర్తిస్తుంది. ఒక హిందూ అమ్మాయి, రోమన్ కథోలిక అబ్బాయి గుళ్లో చేసుకుని, ఆ చట్టం కింద రిజిస్టరు చేయించుకున్న పెళ్లి చెల్లదని 2008లో సుప్రీంకోర్టు చెప్పింది. అది మన తెలుగువాళ్ల కేసే, విశాఖపట్నం ఫ్యామిలీ కోర్టులో మొదలైంది. రేపు పెన్షన్, పీఎఫ్ దగ్గర "మీరు భార్యేనా?" అన్న ప్రశ్న రాకూడదంటే, 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద పాత పెళ్లిని కూడా రిజిస్టరు చేయించుకోవచ్చు. ముప్పై రోజుల నోటీసు ఉంటుంది. ఒకసారి వకీలును అడిగి చూడండి.

ఇంకో మాట. చెప్పకుండా దాటేస్తే మీకు అన్యాయం చేసినట్టే. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులకు ఎస్సీ హోదా లేదు. మన రాష్ట్రంలో ఎస్సీల నుంచి క్రైస్తవులైనవారు బీసీ-సీ కిందికి వస్తారు. ఇంట్లో ఎస్సీ సర్టిఫికెట్టుతో చదువుకుంటున్న పిల్లలుంటే మీరు గుడికి తిరిగి రావడంలో ఇదొక బరువైన ముడి. కొందరు ఆదివారం ఒకలా, ఆఫీసులో ఒకలా బతుకుతారని ఎవరికి తెలియదు? నేను వాళ్లను తప్పుపట్టను. ఆ ఉత్తర్వే సరికాదని దళిత క్రైస్తవులు దశాబ్దాలుగా అడుగుతున్నారు. కానీ సంగతేమిటో తెలుసుకుని, ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకున్నాకే అడుగు వేయండి.

ఇంట్లో ఎలా చెప్పాలి?

భర్తతో అయితే నైట్ షిఫ్టు చేసి వచ్చినప్పుడు మాత్రం చెప్పకండి! నిద్ర కళ్లతో ఉన్న మనిషికి ఏది చెప్పినా "వద్దు" అనే వినబడుతుంది. తిని, పడుకుని, లేచి, టీ తాగాక చెప్పండి. "నాకు మనశ్శాంతిగా ఉంటుంది, మీరేం మారనక్కర్లేదు" అనండి. ముందుగా ఓసారి గుణదల వెళ్లొద్దామని అడిగి చూడండి. 1924లో అక్కడ మరియమాత స్వరూపం ప్రతిష్ఠించిన నాటినుంచి ఆ కొండకు హిందువులూ వస్తూనే ఉన్నారు, తలనీలాలు ఇస్తున్నారు, కొబ్బరికాయలు కొడుతున్నారు. ఫిబ్రవరి 9 నుంచి 11 దాకా తిరునాళ్లు. మంచిర్యాలలో రైలెక్కితే వరంగల్ మీదుగా విజయవాడే. చర్చి గడప తొక్కనన్న మగవాళ్లు కూడా మొక్కు అంటే కాదనరు.

అత్తమ్మ దగ్గర వాదన పెట్టుకోకండి. "మీ దేవుడు, మా దేవుడు" అన్న మాట మీ నోటినుంచి రాకుండా చూసుకోండి. దేవుడి పటాలు తీసేయమని పట్టుబట్టడం మీ పని కాదు, అది ఆమె ఇల్లు కూడా. మీరు పూజలో పాల్గొనలేకపోవచ్చు. కానీ పండుగనాడు బూరెలు వండిపెట్టడానికి, బతుకమ్మకు తంగేడు పూలు తెచ్చివ్వడానికి ఏ ఫాదర్ గారూ మిమ్మల్ని కోప్పడరనే నేననుకుంటాను. పునీత మోనికమ్మ కథ చిన్నప్పుడు సత్యోపదేశంలో వినే ఉంటారు. పదహారు వందల ఏళ్ల కిందట ఆఫ్రికాలో ఉన్న ఇల్లాలు. భర్త అన్యమతస్థుడు, పైగా ముక్కోపి. అత్తగారికి పనివాళ్లు చాడీలు మోసేవాళ్లు. ఆమె ఎదురు మాట్లాడకుండా, ఓపికతో అత్తను తనవైపు తిప్పుకుంది. భర్త చివరి రోజుల్లో జ్ఞానస్నానం అడిగాడు. కొడుకు అగస్టీను మారడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది, 387 దాకా. అయితే ఓపిక అంటే దెబ్బలు తినమని కాదు. గుడికి వెళ్లిందని చెయ్యి చేసుకునే మగవాడి సంగతి వేరు, దాన్ని దాచుకోకండి.

పిల్లల దగ్గర వయసు చూడాలి. ఏడేళ్ల లోపు వాళ్లయితే అమ్మానాన్నలు అడిగితే జ్ఞానస్నానం ఇస్తారు. తల్లిదండ్రుల్లో ఒకరు ఒప్పుకున్నా చట్టం సరేనంటుంది. కానీ తండ్రికి తెలియకుండా చేయించకండి, ఆ మచ్చ ఇంట్లో ఎన్నాళ్లైనా పోదు. ఏడు దాటితే వాళ్లే ఇష్టపడి అడగాలి, కొన్నాళ్లు సత్యోపదేశం నేర్చుకోవాలి. ఇంటర్ చదివే కొడుకును ఆదివారం పొద్దున దుప్పటి లాగి లేపి గుడికి ఈడ్చుకెళ్లకండి. మీరు వెళ్లి నవ్వుముఖంతో తిరిగొస్తే వాడే ఏదో ఒకరోజు "అక్కడేం చేస్తారమ్మా?" అని అడుగుతాడు. అడగకపోయినా మీరు వెళ్తూనే ఉండండి. చంటిపిల్ల జ్వరంతో ఉన్న ఆదివారం వెళ్లలేకపోతే అది పాపం కాదు. పసిబిడ్డల్ని చూసుకోవడం సరైన కారణమేనని శ్రీసభ బోధనే చెబుతోంది.

చివరిది పాపసంకీర్తనం. పదిహేనేళ్ల లెక్కంతా ఎలా అప్పజెప్పాలని గాబరా వద్దు. చివరిసారి ఎప్పుడు చేశారో ఉజ్జాయింపుగా చెప్పండి, ముఖ్యమైనవి గుర్తున్నంతవరకు చెప్పండి. ప్రార్థన మర్చిపోయానంటే ఫాదర్ గారే పలికిస్తారు. అక్కడ చెప్పింది ఆయన ప్రాణం పోయినా బయటపెట్టకూడదు. కాలనీ అంతా తెలుస్తుందేమోనన్న భయమే అక్కర్లేదు. ఇంకా మొహమాటమైతే మరో ఊళ్లో, మిమ్మల్ని ఎరగని గురువు దగ్గర చేయండి.

ఆ తర్వాత వచ్చే ఆదివారానికి పని ముందురోజు రాత్రే కొంత తెముల్చుకోండి. పప్పు నానబెట్టి, కూరగాయలు తరిగి పెట్టుకుంటే, మీరు వచ్చేసరికి పొయ్యి ఎవరు వెలిగిస్తారన్న గొడవ ఉండదు. సత్ప్రసాదానికి గంట ముందునుంచి ఏమీ తినకూడదు, తాగకూడదు. మంచినీళ్లూ మందులూ ఫరవాలేదు. కాబట్టి టీ మాత్రం ఆయన బాక్సు కట్టేటప్పుడే తాగేసేయండి.