చేపను చదివారు.. బొమ్మతో బతికారు!

మొన్నామధ్య ఓ ఏఐ టూల్‌ని 'బ్రౌన్ ట్రౌట్ చేప బొమ్మ కావాలి' అని అడిగా. పది సెకన్లలో ఇచ్చేసింది. బంగారు రంగు ఒళ్లు, మీద ఎర్ర చుక్కలు, చుట్టూ నీటి తుంపర్లు.. అదిరిపోయింది. గొప్పగా ఫ్రెండ్‌కి వాట్సాప్ చేశా. వాడు ముత్తుకూరులో బీఎఫ్‌ఎస్సీ చదివి, ఇప్పుడు భీమవరంలో ఆక్వా ల్యాబ్‌లో పనిచేస్తున్నాడు. రిప్లై ఒక్క లైనే వచ్చింది: 'ఒరేయ్.. దీనికి ఓ రెక్క తక్కువైందిరా!'

నిజమే. ట్రౌట్‌కి వీపు మీది రెక్కకీ తోకకీ మధ్య చిన్నగా, మెత్తగా ఇంకో రెక్క ఉంటుంది. దాన్ని అడిపోజ్ ఫిన్ అంటారు. మన జెల్ల చేపకీ ఉంటుంది. ఏఐ దాన్ని వదిలేసింది. నేనూ గమనించలేదు. చేపల్ని చదివినవాడు మాత్రం చూడగానే పట్టేశాడు.

'అన్నా, ఏఐ వచ్చాక బొమ్మలు వేసేవాళ్లకి పనేముంటుంది?' డిజైన్ నేర్చుకుంటున్న జూనియర్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది. ఆ ఒక్క రెక్క పట్టుకుని వెతుక్కుంటూ పోతే, జవాబు నేను ఊహించని చోట దొరికింది. చేపల్నీ, చేపలు పట్టే దృశ్యాల్నీ గీస్తూ, చెక్కుతూ బతికిన కళాకారులు ఉన్నారు. ఎక్కువమంది అమెరికాలో. వాళ్ల కథల్లో మన కెరియర్‌కి పనికొచ్చేవి చాలానే ఉన్నాయి.

ముందు ఆ వేట సంగతి..

మన దగ్గర గాలానికి ఎర్రనో, పిండినో గుచ్చుతాం. ఫ్లై ఫిషింగ్‌లో అలా కాదు. కొక్కేనికి ఈకలు, దారాలు, వెంట్రుకలు చుట్టి అచ్చం పురుగులా తయారుచేస్తారు. దాని పేరే ఫ్లై. దానికి బరువుండదు కాబట్టి దూరంగా విసరలేం. అందుకని కాస్త బరువుండే ప్రత్యేకమైన దారాన్ని గాల్లో ముందుకీ వెనక్కీ ఆడించి, ఆ ఊపుతో ఫ్లై నీటిమీద సుతారంగా వాలేలా చేస్తారు. గాల్లో ఆ దారం తిరిగే వంపంటే చిత్రకారులకి మహా ఇష్టం.

ఇక్కడో కిటుకుంది. ఈ బొమ్మలు కొనేవాళ్లలో ఎక్కువమంది ఏళ్లతరబడి ఆ చేపల్ని చేత్తో పట్టి చూసినవాళ్లే. బ్రౌన్ ట్రౌట్ ఎర్ర చుక్క చుట్టూ లేత వలయం ఉంటుందనీ, బ్రూక్ ట్రౌట్ కింది రెక్కల అంచున తెల్లటి గీత ఉంటుందనీ వాళ్లకి తెలుసు. తప్పు వేస్తే దొరికిపోయినట్టే.

దారం కోసం కాగితాన్ని గీకాడు

అమెరికా గొప్ప చిత్రకారుల్లో ఒకరు విన్స్‌లో హోమర్ (1836-1910). పెద్ద ఆర్ట్ కాలేజీలో మొదలైన జీవితం కాదు. 19 ఏళ్లకే బోస్టన్‌లో ఓ లిథో ప్రెస్‌లో అప్రెంటిస్‌గా చేరాడు. తర్వాత 'హార్పర్స్ వీక్లీ' పత్రికకి బొమ్మలు వేశాడు. అంతర్యుద్ధం దృశ్యాలూ గీశాడు. వీటన్నిటితో పాటు ఆయనకి చేపల వేట పిచ్చి. న్యూయార్క్ రాష్ట్రంలోని అడిరాండాక్ కొండల్లో నార్త్ వుడ్స్ క్లబ్ అనే వేటగాళ్ల క్లబ్‌లో సభ్యుడయ్యాడు. అక్కడి చెరువుల్లో పడవ మీంచి దారం విసిరే మనిషినీ, నీళ్లలోంచి ఎగిరే ట్రౌట్‌నీ నీటిరంగుల్లో పట్టుకున్నాడు. గాల్లో మెరిసే సన్నటి దారాన్ని కుంచెతో వేయడం కష్టం. దానికో ఉపాయం వాడాడు. రంగు వేసిన కాగితాన్ని పదునైన మొనతో గీకేవాడు. కింది తెలుపు బయటపడి దారమయ్యేది. వేట తెలిసినవాడు కాబట్టే ఆ దారం ఎక్కడ వంగుతుందో, ఎక్కడ బిగుస్తుందో ఆయనకి తెలుసు.

కెమెరా పని లాక్కుంటే.. నీళ్లలోకి దూకాడు

ఏఐ గురించి భయపడేవాళ్లు తప్పక తెలుసుకోవాల్సిన మనిషి స్టాన్లీ మెల్ట్‌జాఫ్ (1917-2006). న్యూయార్క్‌వాసి. 1950లలో పేరున్న ఇలస్ట్రేటర్. సైన్స్ ఫిక్షన్ నవలలకి అట్టలు, పెద్ద పత్రికలకి బొమ్మలు.. చేతినిండా పని. అంతలో పత్రికలు బొమ్మల బదులు ఫొటోలు వేసుకోవడం మొదలెట్టాయి. ఆ తరం ఇలస్ట్రేటర్లకి అదే ఇప్పటి మన ఏఐ.

మెల్ట్‌జాఫ్‌కి ఇంకో అలవాటు ఉంది. నీళ్లలో డైవింగ్. ఆ రెండిటినీ కలిపేశాడు. నీటి అడుగున చేప ఎలా తిరుగుతుందో, వెలుగు దాని వీపు మీద ఎలా విరుగుతుందో కళ్లారా చూసి గీయడం మొదలెట్టాడు. 1960లలో 'స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్' పత్రిక ఆయన చారల బాస్ చేపల బొమ్మలు వేసింది. తర్వాత మార్లిన్, ట్యూనా లాంటి పెద్ద చేపలు.. ఈ తరహా చిత్రకళకి ఆయన్నే ఆద్యుడిగా చెప్పుకుంటారు. కెమెరాతో కుంచె వేగంలో పోటీపడితే ఓడిపోతుంది. ఆయన ఆ పోటీకే పోలేదు. తనకు తెలిసిన నీళ్లలోకి వెళ్లాడు.

డిగ్రీ చదువుతూనే పుస్తకం

మీ వయసువాడి కథ కావాలా? జేమ్స్ ప్రోసెక్. 1975లో కనెక్టికట్‌లో పుట్టాడు. చిన్నప్పుడే ట్రౌట్ అంటే ప్రాణం. ఉత్తర అమెరికాలోని ట్రౌట్లన్నిటి బొమ్మలూ ఉన్న పుస్తకం కోసం వెతికితే దొరకలేదు. 'లేదా? అయితే నేనే వేస్తా' అనుకున్నాడు. రాష్ట్రాల మత్స్య శాఖలకి ఉత్తరాలు రాసి వివరాలు తెప్పించుకున్నాడు. అలా వేసిన 70 నీటిరంగు బొమ్మలతో 1996లో 'ట్రౌట్: యాన్ ఇలస్ట్రేటెడ్ హిస్టరీ' పుస్తకం వచ్చింది. అప్పటికింకా యేల్ యూనివర్సిటీలో డిగ్రీ విద్యార్థే! తర్వాత 2004లో పటగోనియా కంపెనీ అధినేత ఇవాన్ షినార్డ్‌తో కలిసి ట్రౌట్ల సంరక్షణకి 'వరల్డ్ ట్రౌట్' అనే కార్యక్రమం మొదలెట్టాడు. దానికి నిధులు ఎలా వచ్చాయో తెలుసా? ప్రోసెక్ బొమ్మలు ముద్రించిన టీషర్టుల అమ్మకాల్లోంచి కూడా!

పొలుసులు లెక్కపెట్టే కలర్ పెన్సిల్

జోసెఫ్ టొమెలెరిది ఇంకో దారి. ఆయన చదువు జీవశాస్త్రం, చేతిలో ఉండేది కలర్ పెన్సిల్. అవును, స్టేషనరీ షాపులో దొరికేవే. అసలు చేపను దగ్గర పెట్టుకుని, పొలుసుల వరసలూ రెక్కల్లోని ముళ్లూ లెక్కపెట్టి మరీ గీస్తాడు. 2002లో శాస్త్రవేత్త రాబర్ట్ బెంకీ రాసిన 'ట్రౌట్ అండ్ సాల్మన్ ఆఫ్ నార్త్ అమెరికా'కి బొమ్మలు ఆయనవే. ఫొటోలు ఉండగా బొమ్మ ఎందుకు? ఫొటోలో ఒకే చేప ఉంటుంది. దానికి రెక్క చిరిగి ఉండొచ్చు, వెలుగు పడి చుక్కలు కనపడకపోవచ్చు. ఆ జాతిని గుర్తుపట్టడానికి ఏమేం కావాలో అన్నీ ఒకే బొమ్మలో స్పష్టంగా చూపించేది తెలిసిన చెయ్యే.

చెక్క చేప నుంచి ఫైబర్ చేప దాకా

శిల్పుల సంగతికొద్దాం. విక్టోరియా రాణి కాలం చివర్లో బ్రిటన్‌లో పెద్ద సాల్మన్ పడితే, కాగితం మీద పడుకోబెట్టి చుట్టూ గీత గీసేవారు. పొడవు, చుట్టుకొలత, బరువు రాసుకునేవారు. దాన్నిబట్టి చెక్కలో చేపను చెక్కించి, రంగులు వేయించి గోడకు తగిలించేవారు. చేప వంటింటికి, చెక్క చేప హాల్లోకి!

ఇప్పుడు చాలామంది చేపను పట్టి తిరిగి వదిలేస్తున్నారు. దాంతో ఈ పనికి మళ్లీ గిరాకీ వచ్చింది. పొడవు, చుట్టుకొలత కొలుచుకుని ఫొటో తీసుకుంటారు. ఆ వివరాలతో కళాకారులు ఫైబర్‌గ్లాస్ నమూనా తయారుచేసి, ఎయిర్‌బ్రష్‌తో పొరలు పొరలుగా రంగులద్ది, గాజు కన్ను పెడతారు. చెక్కలోనే చెక్కేవాళ్లూ ఉన్నారు. పల్చటి రెక్కల్ని విరగకుండా తీయడానికి బాస్‌వుడ్, టుపెలో లాంటి మెత్తటి కలప వాడతారు.

బొమ్మ ఒక్కటే, అమ్మకాలు వంద

ఇప్పుడు డబ్బు సంగతి. ఒక పెయింటింగ్‌ను ఒక్కసారే అమ్మగలం. మరి వీళ్లు ఎలా బతుకుతున్నారు? బొమ్మను అమ్మినా, దాన్ని ముద్రించుకునే హక్కును తమ దగ్గరే ఉంచుకుని.

గై హార్వే కథ చూడండి. జమైకాలో పెరిగిన సముద్ర జీవశాస్త్రవేత్త. డాక్టరేట్ చేసి యూనివర్సిటీలో పాఠాలు చెప్పాడు. 1985లో హెమింగ్వే 'ది ఓల్డ్ మ్యాన్ అండ్ ది సీ' నవల ఆధారంగా గీసిన 44 పెన్ను బొమ్మల్ని కింగ్‌స్టన్‌లో ప్రదర్శించాడు. మరుసటి ఏడాది నుంచి ఆయన చేపలు టీషర్టుల మీదికెక్కాయి. అదే పెద్ద వ్యాపారమైంది. 1999లో ఫ్లోరిడాలోని నోవా సౌత్‌ఈస్టర్న్ యూనివర్సిటీలో ఆయన పేరుతో పరిశోధనా సంస్థే వెలిసింది. డెరెక్ డియంగ్ అనే మరో చిత్రకారుడు ట్రౌట్లని నీలం, నారింజ లాంటి ఊహా రంగుల్లో వేస్తాడు. ఆ డిజైన్లు వేట సామాన్ల మీద కనిపిస్తాయి.

మినెసోటా రాష్ట్రం ఏటా ట్రౌట్, సాల్మన్ స్టాంపు కోసం బొమ్మల పోటీ పెడుతుంది. గెలిస్తే నగదు బహుమతి ఉండదు! మరెందుకు పోటీ పడతారు? బొమ్మను ప్రింట్లు వేసి అమ్ముకునే హక్కు గెలిచినవాళ్లదే కాబట్టి.

నాకు ఈ విషయం ఆలస్యంగా తెలిసొచ్చింది. బీటెక్ అయిన కొత్తలో ఓ చిన్న కంపెనీ యాప్ కోసం ఇరవై బొమ్మలు వేసిచ్చా. మూడు వేలిచ్చారు. ఏడాది తర్వాత అవే బొమ్మలు కాఫీ కప్పుల మీద కనిపించాయి. అడిగితే 'అగ్రిమెంట్ ఏదైనా ఉంటే చూపించు' అన్నారు. నా దగ్గరున్నది వాట్సాప్‌లో 'ఓకే అన్నా' అని నేను పెట్టిన మెసేజే!

అందుకే ఈ నాలుగు ముక్కలు గుర్తుపెట్టుకోండి. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం బొమ్మ వేసినవాళ్లే దాని తొలి హక్కుదారులు. కానీ 17వ సెక్షన్‌లో మినహాయింపులున్నాయి. ఎవరైనా డబ్బిచ్చి పెయింటింగ్ వేయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు హక్కు వాళ్లకే పోతుంది. ఉద్యోగంలో భాగంగా వేస్తే యజమానికి. హక్కు రాసివ్వాలంటే రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఎన్నాళ్లకో రాయకపోతే అయిదేళ్లు అనీ, ఎక్కడెక్కడో రాయకపోతే భారతదేశం వరకే అనీ 19వ సెక్షన్ చెబుతుంది. పని ఒప్పుకునే ముందు ఒక్క పేజీ ఒప్పందం రాసుకోండి. మొహమాటపడొద్దు.

విశాఖ చేపలు.. పేరు లేని చెయ్యి

ఈ కథలో మనకీ ఓ పేజీ ఉంది. 18వ శతాబ్దం చివర్లో ప్యాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లాండ్ వైద్యుడు విశాఖపట్నంలో ఉండి, ఈస్టిండియా కంపెనీ తరఫున మొక్కల్నీ పాముల్నీ చేపల్నీ పరిశీలించాడు. 1803లో లండన్‌లో రెండు సంపుటాలుగా అచ్చయిన ఆయన పుస్తకంలో విశాఖలో సేకరించిన 200 చేపల వివరాలూ బొమ్మలూ ఉన్నాయి. అందులో తెలుగు పేర్లూ ఉన్నాయి. మన జాలర్లు పిలిచే పార, చందువా ఇంగ్లిష్ అక్షరాల్లో కనిపిస్తాయి. తర్వాతి శాస్త్రవేత్తలకి ఆ బొమ్మలే ఆధారమయ్యాయి.

వాటిని వేసిన స్థానిక చిత్రకారుడి పేరు మాత్రం నిలవలేదు. పొలుసు పొలుసూ చూసి గీసిన మనిషి ఎవరో మనకి తెలీదు. పుస్తకం మీద పేరు రస్సెల్‌ది. ఆ కాలంలో ఆ చిత్రకారుడికి అడిగే దారి లేదు. మనకుంది.

మీ చేప ఏది?

నిజాయతీగా చెప్పాలంటే ఇది వేల ఉద్యోగాలిచ్చే రంగం కాదు. ఇది చదివి అందరూ ట్రౌట్లు గీయమనీ అనను. హైదరాబాద్ జేఎన్‌ఏఎఫ్‌ఏయూలో, విశాఖ ఆంధ్రా యూనివర్సిటీలో ఫైన్ ఆర్ట్స్ ఉంది. ముత్తుకూరులో ఫిషరీస్ ఉంది. కానీ ఈ క్యాంపస్‌ల పిల్లలు ఒకరినొకరు కలిసే సందర్భాలు తక్కువ. మనం రెజ్యూమెలో ఫొటోషాప్, పైథాన్ అని టూల్స్ పేర్లు వరసగా రాసేస్తాం. ఆ టూల్స్ రేపు మారిపోతాయి. వాటితో పాటు దేని గురించి మీకు లోతుగా తెలుసు అన్నది కూడా ఆ కాగితం మీద కనపడాలి. అది వరి తెగుళ్లు కావొచ్చు, చేనేత మగ్గం కావొచ్చు, బస్సు ఇంజిన్ కావొచ్చు.

ఓ పని చేయండి. ఈ వారం మీకు బాగా తెలిసిన వస్తువు ఒకటి ఎంచుకోండి. దాని బొమ్మ ఏఐని అడగండి. తప్పులు వెతకండి. మూడు దొరికితే మీ దగ్గర సరుకున్నట్టే. ఒక్కటీ దొరక్కపోతే ఇంకా చూడటం నేర్చుకోవాలి.

నేనూ మొదలెట్టా. పోయిన ఆదివారం చేపల మార్కెట్‌కెళ్లి జెల్ల బొమ్మ గీశా. మా భీమవరం వాడికి పంపా. 'రెక్కలన్నీ ఉన్నాయి గానీ.. మీసాలు లెక్కపెట్టావా?' అని రిప్లై వచ్చింది. మళ్లీ వెళ్లాలి!