టమాటా కాయ నాణ్యతపై పోషకాల గ్రహణ ప్రభావం

మదనపల్లె మార్కెట్‌కు వచ్చే టమాటాలో అడుగున నల్లని మచ్చ పడిన కాయకు ధర పలకదు. దీనిని తెగులుగా భావించి శిలీంధ్రనాశిని పిచికారీ చేసిన రైతుకు ఖర్చే మిగులుతుంది. ఇది కాయ కొనకు కాల్షియం చాలకపోవడం వల్ల కలిగే లోపం.

నేలలో కాల్షియం సమృద్ధిగా ఉన్నప్పటికీ ఈ లోపం కనిపించవచ్చు. కాల్షియం ప్రధానంగా దారువు ద్వారా నీటితోపాటు ప్రయాణిస్తుంది. బాష్పోత్సేకం ఆకుల నుండి అధికం, కాయ నుండి స్వల్పం. అందువల్ల నీటి ఎద్దడిలో కాల్షియం అధిక భాగం ఆకులకే చేరుతుంది. అక్కడి నుండి తిరిగి కాయకు దాదాపుగా తరలదు. అమ్మోనియం రూప నత్రజని, మోతాదు మించిన పొటాష్ వేర్ల వద్ద కాల్షియం గ్రహణాన్ని మరింత తగ్గిస్తాయి.

అయితే పొటాష్‌ను మానుట పరిష్కారం కాదు. పొటాషియం కాయలో ఆమ్లత్వాన్ని, ఎరుపు రంగునిచ్చే లైకోపీన్‌ను పెంచుతుంది. ఇది లోపించిన కాయలలో తొడిమ చుట్టూ పసుపు మిగిలి, రంగు సమంగా రాదు.

కావున భూసార పరీక్ష ననుసరించి నత్రజని, పొటాష్‌లను దఫాలుగా అందిస్తూ, బిందు సేద్యంతో నేల తేమను నిలకడగా ఉంచాలి. కాల్షియం పిచికారీ అవసరమైనచో పిందె దశలోనే, పిందెలు తడిసేలా చేయాలి. ఏర్పడిన మచ్చ మానదు. మందు సిఫారసు చేయుటకు ముందు నీటి తడుల వ్యవధిని విచారించుట విస్తరణ శాస్త్రవేత్త తొలి కర్తవ్యం.