ఎండుటాకును తూచవలెను

ఇల్లు కాలుచుండగా నూయి త్రవ్వినట్లను సామెత నెఱుగని తెలుగువాడు లేడు. అయినను అడవుల రక్షణమున మనము నేటికిని ఆ సామెతనే యాచరించుచున్నాము. పొగ కనబడిన పిమ్మట పరుగెత్తుటయే కాని, రేపు నిప్పంటునో యంటదో నేడే తెలిసికొను పూనిక మనలో మిక్కిలి యరుదు.

ఇది దూరపుటడవులకు మాత్రమే చెందిన మాట కాదు. సరూర్‌నగరునకు తూర్పుగా, విజయవాడ రహదారి చెంతనే, దాదాపు 3,600 ఎకరముల మహావీర హరిణ వనస్థలి గలదు. ఒకప్పుడది నిజాముల వేటభూమి. మహావీరుని 2500వ నిర్వాణ సంవత్సర స్మారకముగా 1975లో రక్షితవనమై, 1994లో జాతీయవన మయ్యెను. అచట కృష్ణజింకలు తమ పసికూనలను గడ్డిలో దాచును. నెమళ్లు నేలమీదనే గ్రుడ్లు పెట్టును. పెద్దజింక మంటకు ముందు పరుగెత్తగలదు. పసికూన పరుగెత్తలేదు, గ్రుడ్డు కదలనే కదలదు. చుట్టును నగరము పెరిగినందున, పాఱిపోగల జంతువునకును పోవుచోటు లేదు.

మన యడవులలో అగ్ని తనంత తాను పుట్టుట యరుదు. ఇప్పపూవు నేరుకొనుటకు చెట్టుక్రింది యాకులను కాల్చుట, తునికాకు చిగుళ్లకై నిప్పు పెట్టుట, పొలపుగట్టున చెత్త తగులబెట్టుట, ఆర్పని చుట్టను, సిగరెట్టును పాఱవైచుట మొదలగునవి కారణములు. అయితే అదే నిప్పురవ్వ యొకనాడు చల్లాఱిపోవును; మఱియొకనాడు కొండనంతయు దహించును. ఈ భేదమునకు ముఖ్యమూలము రాలిన యాకులోని తేమ.

దానిని కొలుచుట కష్టసాధ్యము కాదు. నేలమీది యాకులను, చిదుగులను తీసి, గాలి చొరని డబ్బాలో నుంచి తూచవలెను. పిదప సుమారు 105 డిగ్రీల సెంటీగ్రేడు వేడిగల పెట్టెలో ఒక దినము ఆరబెట్టి మరల తూచవలెను. తగ్గిన బరువే నీరు. 120 గ్రాముల యాకు 100 గ్రాములైనచో తేమ నూటికి 20. 106 గ్రాములది 100 అయినచో 6 మాత్రమే. ఈ తేమ 30కి మించినచో మంట సామాన్యముగా సాగదు. 10కి దిగినచో రవ్వ చాలును. గాలి పొడియైనచో పలుచని యాకు గంటలోనే తానును పొడియగును. వ్రేలిలావు పుల్లకు సుమారు పది గంటలు, మొద్దునకు వారములు పట్టును. కనుకనే వేకువను మెత్తనైయున్న యాకు మధ్యాహ్నము మూడు గంటలకు కరకరలాడును.

అమెరికాలో హ్యారీ గిస్బోర్న్ అను అటవీశాస్త్రజ్ఞుడు 1920ల నాడే ఆకుపొరల తేమను కొలుచు పరికరము నేర్పరచి, అగ్నిభయమును అంకెలలో చెప్పు పద్ధతికి పునాది వేసినవారిలో నొకడయ్యెను. నేడు డెహ్రాడూన్‌లోని భారత అటవీ సర్వే సంస్థ ఉపగ్రహముల సాయమున మంటల జాడ తెలుపుచున్నది. వాతావరణమును గణించి ముందు హెచ్చరికలను నిచ్చుచున్నది. మెచ్చదగిన కృషియే. కాని ఒకే కొండకు ఎండవాలున ఒక తేమ, నీడలోయలో మఱొక తేమ. ఆకసమునుండి చూచు కన్నునకు ఆకుక్రింది చెమ్మ కానరాదు. నల్లమలలోని అమ్రాబాదు పులుల రక్షితారణ్యము 2,611 చదరపు కిలోమీటర్లు. అచటి లోయలకును మన వనస్థలి పచ్చికకును ఒకే లెక్క యెట్లు చెల్లును?

కావున ఫాల్గుణము మొదలు తొలకరివఱకు ప్రతి యటవీ కాపలా కేంద్రమునను ఒక త్రాసు, ఒక వేడిపెట్టె పనిచేయవలెను. నాటి యంకె వనద్వారమునను, పరిసర గ్రామముల చావడులందును వ్రాయబడవలెను. అంకె పడిపోయిన దినమున రైతు గట్టున చెత్త కాల్చరాదు. పట్టణవాసి చుట్ట వెలిగించి వనము చెంతకు పోరాదు. వ్యయము స్వల్పము, ఫలము నోరులేని ప్రాణుల జీవనము. మంట నార్పువాని సాహసమును పొగడుటకు ముందు, మంట రాకుండ త్రాసు పట్టినవాని యోపికను ఆదరించుట నేర్తము గాక!