చదవగలిగిన లిపి, అంతుచిక్కని మేధ

గ్రహాంతర జీవులతో మనిషికి తొలి పరిచయం అయినట్టు ఊహించే సైన్స్ ఫిక్షన్ కథలు రెండు దారుల్లో నడుస్తాయి. మొదటి దారిలో ఆ జీవుల రూపం వింతగా ఉన్నా మనసు మనిషిదే. కోపం, స్నేహం, దురాశ వాటికీ ఉంటాయి. రెండో దారిలో ఎదురయ్యే మేధ మనిషికి అంతుచిక్కదు. అది తెలివైనదని మాత్రం తెలుస్తుంది. ఏం కోరుతోందో, అసలు కోరిక అన్నది దానికి ఉందో లేదో తెలియదు. ఈ రెండో ఊహ ఎంతవరకు సమంజసమో తేల్చుకోవాలంటే తెలియని రాతలను మనుషులు ఎలా చదివారో చూడాలి. ఆ చరిత్రలో గుంటూరు సీమకు చోటుంది.

భట్టిప్రోలు పేటికలు

పత్తి, మిర్చి పండే నల్లరేగడి నేలలు దాటి గుంటూరుకు ఆగ్నేయంగా వెళ్తే కృష్ణా డెల్టాలో భట్టిప్రోలు వస్తుంది. ఒకప్పుడు గుంటూరు జిల్లాలో ఉన్న ఈ ఊరు 2022 నుంచి బాపట్ల జిల్లాలో ఉంది. 1892లో పురావస్తు శాస్త్రవేత్త అలెగ్జాండర్ రీ ఇక్కడి బౌద్ధస్తూపాన్ని తవ్వించగా మూడు రాతి ధాతుపేటికలు బయటపడ్డాయి. వాటిమీది అక్షరాల్లో చాలావరకు అశోకుని బ్రాహ్మీ లిపిని పోలినవే అయినా కొన్ని కొత్తవి. అచ్చులను చూపే పద్ధతీ వేరు. అశోకుని శాసనాల్లో ఏ గుర్తూ లేని హల్లును అకారంతో చదవాలి, దీర్ఘానికి ఒక అడ్డగీత చేరుతుంది. భట్టిప్రోలులో ఆ అడ్డగీత హ్రస్వ అకారానికే వాడారు, దీర్ఘానికి మరో గుర్తు పెట్టారు.

జర్మన్ పండితుడు జార్జ్ బ్యూలర్ ఈ శాసనాలను కొద్ది ఏళ్లలోనే చదివి ప్రకటించాడు. ఆయనకు మూడు ఆసరాలు దొరికాయి. భాష అప్పటికే తెలిసిన ప్రాకృతం. పోలిక ఉన్న అక్షరాలు 1837లో జేమ్స్ ప్రిన్సెప్ చదివిన బ్రాహ్మీవి. సందర్భం కూడా తెలిసినదే. కుర అనే వ్యక్తి, అతని తల్లిదండ్రులు మరొకరితో కలిసి బుద్ధుని ధాతువులు ఉంచడానికి పేటిక, స్ఫటికపు భరిణె చేయించారని ఒక శాసనం చెబుతుంది. కుబిరక రాజు పేరు, గోష్ఠి సభ్యుల పేర్లు మిగతా వాటిలో కనిపిస్తాయి.

ప్రిన్సెప్‌కు దారి చూపింది కూడా ఇలాంటి సందర్భమే. సాంచీ స్తూపం రాళ్లమీది చిన్న శాసనాల్లో చాలావాటి చివర అవే రెండు అక్షరాలు వస్తుండటం ఆయన గమనించాడు. ఇవి కానుకలు ఇచ్చినవారు చెక్కించినవై ఉంటాయని, ఆ చివరి పదం ‘దానం’ కావచ్చని ఊహించాడు. ఆ ఊహే లిపి గుట్టు విప్పింది. గుడికి కానుక ఇచ్చి పేరు చెక్కించుకోవడం నేటికీ ఉన్న అలవాటు. చెక్కినవారికీ చదివినవారికీ నడుమ ఉన్న రెండు వేల ఏళ్ల దూరాన్ని దాటించింది ఈ ఉమ్మడి జీవితమే.

ఆసరా లేని చోట

సింధు లిపికి ఈ ఆసరాలు లేవు. ఐరావతం మహాదేవన్ 1977లో ప్రచురించిన సూచికలో నాలుగు వందలకు పైగా గుర్తులున్నాయి. ఒక్కో రాతలో సగటున ఉండేవి ఐదు గుర్తులే. తెలిసిన భాషతో పక్కపక్కన చెక్కిన శాసనం ఒక్కటీ దొరకలేదు. సింధు నగరవాసులు పండించిన పంటలు, వాడిన తూనికరాళ్లు, పిల్లల బొమ్మలు మన చేతికి అందాయి. అయినా లిపి చదవడం సాధ్యం కాలేదు. సాటి మనుషుల రాతే ఇలా ఉంటే, మరో నక్షత్రం కింద పుట్టిన మేధ సంగతి ఇంకెంత కష్టమో ఊహించవచ్చు.

నక్షత్రాల వైపు తెలుగు మాట

మన వైపు నుంచి వెళ్లిన సందేశాలకూ ఇదే చిక్కు. 1977లో బయల్దేరిన రెండు వాయేజర్ నౌకల్లోని బంగారు పూత పలకల మీద 55 భాషల పలకరింపులున్నాయి. వాటిలో తెలుగు ఒకటి. వాయేజర్ 1 2012లో, వాయేజర్ 2 2018లో సూర్యుని ప్రభావ మండలం దాటి నక్షత్రాంతర ప్రదేశంలోకి వెళ్లాయి. పలక వాడే పద్ధతిని దాని మూతమీద హైడ్రోజన్ పరమాణువు సాయంతో, సూర్యుని స్థానాన్ని 14 పల్సార్ల సాయంతో గీశారు. భౌతికశాస్త్రం అందరికీ ఒకటేనన్న నమ్మకంతో చేసిన పని అది. పలకను తిప్పగలిగినవారికి తెలుగు మాట ధ్వనిగా అందుతుంది. అది పలకరింపు అని తెలియాలంటే పలకరించుకునే అలవాటు వారికీ ఉండాలి.

1974 నవంబర్ 16న అరెసిబో రేడియో టెలిస్కోప్ నుంచి పంపిన రేడియో సందేశంలో 1679 సంకేతాలున్నాయి. ఆ సంఖ్య 23, 73 అనే రెండు ప్రధాన సంఖ్యల లబ్ధం. ఆ లెక్కన వరుసలు పేర్చితే బొమ్మ వస్తుంది. గణితం ఇలా బొమ్మ దాకా తీసుకువెళ్తుంది. బొమ్మలోని మనిషి ఆకారం ఏమిటో అది చెప్పదు.

కథకులు చూసినది

పోలెండ్ రచయిత స్టానిస్లా లెమ్ ఈ పరిమితిని అందరికన్నా లోతుగా పట్టుకున్నాడు. 1961 నాటి ‘సొలారిస్’లో గ్రహమంతా పరుచుకున్న సముద్రమే ఒక మేధ. తరతరాల శాస్త్రవేత్తలు దానిపై గ్రంథాలయాలు నింపినా దాని ఉద్దేశం తెలియదు. 1968లో వచ్చిన ‘హిజ్ మాస్టర్స్ వాయిస్’లో న్యూట్రినో సంకేతం అందుతుంది. దానిలో కొంత భాగం ఆధారంగా ఒక వింత పదార్థాన్ని తయారు చేయగలుగుతారు కానీ సందేశం మాత్రం అర్థం కాదు. పీటర్ వాట్స్ ‘బ్లైండ్‌సైట్’ (2006)లోని గ్రహాంతర మేధ మనుషుల భాషలో చక్కగా జవాబులిస్తుంది, కానీ ఆ మాటల వెనుక ఎరుక ఉండదు. టెడ్ చాంగ్ 1998 నాటి ‘స్టోరీ ఆఫ్ యువర్ లైఫ్’ మరో అవకాశాన్ని చూపుతుంది. అందులో భాషాశాస్త్రవేత్త ఎదురుగా ఉన్న జీవులతో ఓపికగా పనిచేసి వాటి రాత నేర్చుకుంటుంది. నేర్చుకునే క్రమంలో కాలాన్ని చూసే ఆమె తీరే మారిపోతుంది.

లిపుల చరిత్ర లెమ్ వైపే ఎక్కువగా మొగ్గుతుంది. సంకేతం ఎప్పుడైనా అందితే శాస్త్రవేత్తలు ముందుగా వెతకవలసింది రెండు పక్షాలకూ ఉమ్మడిగా ఉన్నదాన్ని. అది దొరికితే చదవడం మొదలవుతుంది. దొరకకపోతే అందిన సంకేతాన్ని భద్రపరచి, మన భయాలనూ ఆశలనూ దానికి అర్థంగా అంటగట్టకుండా ఉండటమే శాస్త్ర ధర్మం.