బృహద్ధమని కవాట కాల్సీకరణం – ధమనీ కాఠిన్యత

బృహద్ధమని కవాట కాల్సీకరణం అనగా గుండెలోని ఎడమ జఠరికకు, బృహద్ధమనికి నడుమ ఉన్న కవాటపు రేకులలో కాల్షియం లవణాలు పేరుకొని, అవి మందమై బిరుసెక్కడం. ధమనీ కాఠిన్యత అనగా ధమనుల లోపలి పొరలో కొవ్వు, కణాలు, పీచు పదార్థం, కాల్షియం చేరి ఫలకలు ఏర్పడడం. ఈ రెండు వ్యాధులు తరచుగా ఒకే వ్యక్తిలో కనిపిస్తాయి. ఆరంభంలో ఇవి ఒకదానినొకటి పోలి ఉన్నా, తరువాతి దశలలో వేర్వేరు దారులలో సాగుతాయి. ధమనుల వ్యాధిలో మేలుచేసే మందులు కవాట వ్యాధిని ఆపలేకపోవడానికి ఇదే ముఖ్య కారణమని భావిస్తున్నారు.

కవాట నిర్మాణం

బృహద్ధమని కవాటానికి సాధారణంగా మూడు రేకులుంటాయి. ఒక్కొక్క రేకు మందం 1 మిల్లీమీటరు కంటె తక్కువ. గుండె కొట్టుకొన్నప్పుడల్లా ఇవి తెరచుకొని మూసుకొంటాయి, అనగా రోజుకు సుమారు 1,00,000 సార్లు. పూర్తిగా తెరచుకొన్నప్పుడు పెద్దవారిలో కవాట ద్వారపు వైశాల్యం 3 నుండి 4 చదరపు సెంటీమీటర్లు ఉంటుంది. నూటికి ఒకరిద్దరిలో పుట్టుకతోనే రెండు రేకులు మాత్రమే ఉంటాయి. ఇట్టివారిలో కాల్షియం పేరుకోవడం ఇతరుల కంటె చాలా ముందుగా మొదలవుతుంది.

మన దేశంలో కీళ్ళవాత జ్వరం వలన కూడా కవాటాలు చెడిపోతాయి. అయితే అది ప్రధానంగా ద్విపత్ర కవాటాన్ని దెబ్బతీసే వేరొక వ్యాధి.

పూర్వపు భావన

1904లో జర్మనీకి చెందిన వ్యాధి శాస్త్రజ్ఞుడు మోంకెబర్గ్ ఈ కవాట వ్యాధిని వర్ణించాడు. ఆ తరువాత చాలాకాలం పాటు దీనిని తలుపు బందు అరిగిపోవడం వంటి వయోధర్మంగానే పరిగణించారు. 1994లో అమెరికాలో క్యాథరిన్ ఓటో, ఆమె సహచరులు తొలిదశలోనున్న కవాటాలను సూక్ష్మదర్శినితో పరిశీలించి, వాటిలో కొవ్వును, తాప కణాలను గుర్తించారు. దీనితో ఇది కేవలం అరుగుదల కాదని, చురుకుగా సాగే వ్యాధి ప్రక్రియ అని తెలిసింది.

పోలికలు

రెండు వ్యాధులలోను మొదట లోపలి పూత కణాలు దెబ్బతింటాయి. అక్కడినుండి ఎల్.డి.ఎల్. కొలెస్టరాల్, లైపోప్రోటీన్-ఎ కణజాలంలోనికి ప్రవేశిస్తాయి. వాటిని అనుసరించి భక్షక కణాలు, టి-కణాలు చేరి తాపం కలిగిస్తాయి. వయస్సు, పొగత్రాగడం, అధిక రక్తపోటు, మధుమేహం, మూత్రపిండాల వైఫల్యం రెండింటికీ దోహదం చేస్తాయి.

1997లో అమెరికాలో 65 సంవత్సరాలు దాటినవారిపై ప్రచురితమైన ఒక అధ్యయనంలో సుమారు 26 శాతం మందిలో కవాటం మందమైనట్లు, 2 శాతం మందిలో ద్వారం ఇరుకైనట్లు తేలింది. ద్వారం ఇరుకు కాకుండా రేకులు మందమైనవారిలో కూడా హృద్రోగ మరణం, గుండెపోటు సంభవించే అవకాశం సుమారు 50 శాతం ఎక్కువని 1999లో వెల్లడైంది. కవాటమే గుండెపోటు తెచ్చిందని దీని అర్థం కాదు. కవాటంలోని మార్పు, ధమనులలో కూడా వ్యాధి ఉండవచ్చునని తెలిపే సూచిక మాత్రమే.

భేదాలు

ధమనులలో అసలు ప్రమాదం ఫలక చిట్లడం. చిట్లినచోట రక్తం గడ్డకట్టి, నిమిషాలలో ప్రవాహం ఆగిపోవచ్చు. కవాటంలో ఇట్లా జరగదు. అక్కడి కణాలు క్రమంగా ఎముకను నిర్మించే కణాల లక్షణాలను సంతరించుకొని, కాల్షియంను పేర్చుకొంటూ పోతాయి. శస్త్రచికిత్సలో తొలగించిన కొన్ని కవాటాలలో నిజమైన ఎముక కణజాలమే కనిపించింది. ధమనిలో కొవ్వు, తాపం ప్రధానం కాగా, కవాటంలో ఒకసారి మొదలైన కాల్షియం పేరుకోవడమే వ్యాధిని ముందుకు నడుపుతుంది.

అంతేకాక, కవాటం బాగా ఇరుకైన రోగులలో సుమారు సగం మందికి హృద్ధమనులలో చెప్పుకోదగిన అవరోధం ఉండదు.

మందుల ప్రయోగాలు

పోలికలను బట్టి, కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్ మందులు కవాటాన్ని కూడా కాపాడగలవని ఆశించారు. సాల్టైర్ (2005), సీస్ (2008), ఆస్ట్రనోమర్ (2010) అనే ప్రయోగాలలో కొలెస్టరాల్ బాగా తగ్గినా, కవాటం ఇరుకు కావడం మందగించలేదు. అట్లని స్టాటిన్లు నిరుపయోగం అనుకోరాదు. ధమనీ కాఠిన్యత ఉన్నవారికి అవి గుండెపోటును నివారించడంలో ఎంతో తోడ్పడతాయి. కనుక కవాటానికి పనిచేయవని విని వాటిని సొంతంగా మానివేయడం ప్రమాదకరం.

లైపోప్రోటీన్-ఎ పరిమాణాన్ని నిర్ణయించే జన్యువుకు, కవాట కాల్సీకరణకు సంబంధం ఉన్నట్లు 2013లో కనుగొన్నారు. అందువలన ఆ పదార్థాన్ని తగ్గించే ఔషధాలపై పరిశోధకులు దృష్టి పెట్టారు.

లక్షణాలు

ఆయాసం, శ్రమ చేసినప్పుడు ఛాతీలో నొప్పి, సొమ్మసిల్లడం ముఖ్య లక్షణాలు. ఛాతీనొప్పి రెండు వ్యాధులలోను వస్తుంది. కవాటం ఇరుకైనప్పుడు ఎడమ జఠరిక మందమై ఎక్కువ ప్రాణవాయువు కోరుతుంది. అందువలన హృద్ధమనులు బాగున్నా నొప్పి రావచ్చు. వృద్ధులలో ఆయాసాన్ని వయస్సు మీద నెట్టివేయడం వలన వ్యాధి ఆలస్యంగా బయటపడుతుంది. లక్షణాలు కనిపించిన తరువాత చికిత్స లేకుంటే ఆయుర్దాయం సగటున కొద్ది సంవత్సరాలు మాత్రమే.

నిర్ధారణ, చికిత్స

స్టెతస్కోపుతో విన్నప్పుడు మర్మరం వినిపిస్తుంది. ఎకోకార్డియోగ్రామ్ పరీక్షలో ద్వార వైశాల్యం 1 చదరపు సెంటీమీటరు లేదా అంతకు తగ్గినా, రక్తవేగం సెకనుకు 4 మీటర్లు లేదా అంతకు మించినా వ్యాధి తీవ్రమైనదిగా పరిగణిస్తారు.

మూసుకుపోతున్న హృద్ధమనిని బెలూను, స్టెంటులతో తెరవవచ్చు. బిరుసెక్కిన కవాటానికి మాత్రం మార్పిడియే శాశ్వత చికిత్స. 2002లో ఫ్రాన్సులో అలెన్ క్రిబియే ఛాతీ కోయకుండా గొట్టం ద్వారా కొత్త కవాటాన్ని అమర్చాడు. నేడు ఇది ఎక్కువగా తొడ ధమని ద్వారా జరుగుతున్నది. రెండు వ్యాధులు కలిసి ఉండే అవకాశం వలన, కవాటం మార్చేముందు హృద్ధమనులను కూడా పరీక్షిస్తారు.

అపోహ

పాలు, తాంబూలంలోని సున్నం వలన కవాటంలో కాల్షియం చేరుతుందని కొందరు భావిస్తారు. రక్తంలో కాల్షియం మామూలు స్థాయిలో ఉన్నవారిలో కూడా ఈ వ్యాధి వస్తుంది. ఆహారంలో కాల్షియం తగ్గించినంత మాత్రాన బిరుసెక్కిన కవాటం మెత్తబడదు.